బిళ్ళ పైన, మనిషి కింద

కేజ్ ఆగిపోయింది. మోకాళ్ళలోంచి వెన్నులోకి పాకిన ఒక్క కుదుపు, తర్వాత ఏమీ లేదు. తాళ్ళకు వేలాడే ఇనుప బోను, బోనులో నలుగురు మనుషులు, పాదాల కింద ఇంకా రెండు తాటిచెట్ల లోతు చీకటి, తల మీద పళ్ళెమంత ఆకాశం. పైనుంచి ఎవరిదో గొంతు "లైట్ గేలీ, థాంబా" అంటూ బావి గోడల మీద దొర్లుకుంటూ వచ్చింది. కరెంటు పోయిందట, ఆగాలట. ఆగక ఎక్కడికి పోతారు.

"టైమెంత, బాలకిషనన్నా?" అని అడిగింది భూదేవి.

గంట తాడు పక్కన నిలబడ్డ బాలకిషన్ టోపీకున్న దీపాన్ని మణికట్టు మీదికి వంచాడు. ముప్పై ఏళ్ళుగా ఈ బోనులో మనుషుల్ని దించడం, ఎక్కించడం అతని కొలువు. "పదకొండు దాటి నాలుగు నిమిషాలు. వస్తది బిడ్డా, ఎటువోతది."

"ఊర్జానగర్ పొగగొట్టాలు మన బాయి మీదికెల్లే కనవడ్తయి," అన్నాడు సీతారాం మామ, కట్టె కాలు మీది బరువును మంచి కాలి మీదికి మార్చుకుంటూ. "మన బొగ్గు తిని దేశమంతటికి కరెంటు పంపుతరు. మన కాడికొచ్చేసరికి లైట్ గేలీ." భూదేవి నాన్న రాజలింగు బోను చువ్వలు పట్టుకుని గోడవైపే చూస్తున్నాడు, ఆ తడి రాయి మీద తనకు మాత్రమే కనిపించేదేదో రాసి ఉన్నట్టు.

పన్నెండుకు యాభై ఆరు నిమిషాలు. వెనక్కి లెక్కపెట్టడం భూదేవికి కొత్త కాదు, ఇరవై మూడేళ్ళు వెనక్కి నడిచే గడియారాల మధ్యే బతికింది. సర్కారు ఉపగ్రహాలకు రాకెట్లు కుదర్చడం ఆమె పని. ఏది ఎంత బరువు, ఏ రాకెట్టు ఎప్పటికి సిద్ధం, ఏది ముందు పోవాలి, ఏది ఆగగలదు. సంబంధాలు కుదిర్చే పనే కదనే, అని సీతారాం మామ ఎగతాళి చేసేవాడు, కాకపోతే నీ పిల్లలు అత్తగారింటికి పోతే మళ్ళ రారు. రెండేళ్ళుగా ఆ పని కాస్తా కొంప మార్చే పని అయిపోయింది. పాత రాకెట్టు ఆపేస్తున్నారు, కొత్త రాకెట్టు వస్తోంది, కొత్త ఫ్యాక్టరీలు, కొత్త సంతకాల పద్ధతి, నాలుగు ఆఫీసులు కలిపి ఒక ఆఫీసు, ఆ ఒక్క ఆఫీసులో ఎవరికి కుర్చీ ఉంటుందో చెప్పే జాబితా వచ్చే నెల. వరసలో ఉన్న ఉపగ్రహాలన్నిటినీ పాత బండిలోంచి దించి కొత్త బండిలో ఎక్కించాలి. ఎవరికీ ఊపిరి సలపని ఈ మార్చి నెలలో, ఒక్క మధ్యాహ్నం, ఆమె నలభై ఒక్క కాగితాల మీద సంతకం పెట్టింది. కాగితం చదువుతూ, చాయ్ తాగుతూ, ఫోను ఎత్తుతూ, చదవకుండా, చాయ్ చల్లారిపోయి, ఫోను మోగుతూనే ఉండగా. వాటిలో ఒకటి రింగు కాగితం.

రింగంటే ఒక కట్టు, అంతే. ఉపగ్రహాన్ని రాకెట్టు తలకు బిగించి పట్టుకునే లోహపు కట్టు. పైకి పోయాక సరైన క్షణంలో అది విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే ఉపగ్రహం చచ్చిన రాకెట్టును వీపున మోసుకుంటూ భూమి చుట్టూ తిరిగి తిరిగి ఒకనాడు మండిపోతుంది. కాగితంలో ఉన్నది ఇది: పాత రాకెట్టులో వాడిన రింగే కొత్తదానిలోనూ వాడుతున్నాం, అదే నంబరు, పరీక్షలు ఇదివరకే అయ్యాయి, మళ్ళీ అక్కరలేదు. నిన్న పొద్దున్న రైలు బల్లార్షా దాటాక, ఇంకో పావుగంటలో చంద్రపూర్ అనగా, ఏమీ తోచక ఆ కాగితం నకలు మళ్ళీ తీసింది. పరీక్ష తేదీ పోయినేడాది ఫిబ్రవరి. కొత్త రాకెట్టుకు రింగులు చేస్తున్న ఫ్యాక్టరీ తలుపులు తెరిచింది ఆ తర్వాత ఆగస్టులో. ఆ తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టిన ఫొటోలో వెనక వరసలో తానూ ఉంది. పుట్టని బిడ్డకు పరీక్ష ఎట్లా అవుతుంది? పరీక్షకు నిలబడింది పాత ఫ్యాక్టరీ రింగు. ఇప్పుడు రాకెట్టు మీద కూర్చున్నది వేరే రింగు. నంబరు మాత్రం అదే. రైలు ఆగినా ఆమె లేవలేదు, కూలీ వచ్చి "ఉతరా తాయీ", దిగండక్కా, అనేదాకా.

నిన్నటి నుంచి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఒక్క ఫోను చాలు. ఈ రోజు పన్నెండింటికి ఆమోద సంఘం గడువు ముగుస్తుంది. కొత్త పద్ధతిలో సంతకాలు కూడా అక్కరలేదు, గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. పన్నెండు దాటితే ఉపగ్రహం చుట్టూ రాకెట్టు ముక్కు మూసేస్తారు, ఇక ఆ రింగును వేలితో తాకేవాడు ఉండడు. మూడు వారాల్లో ప్రయోగం. అది తుఫానుల్ని కనిపెట్టే ఉపగ్రహం, సముద్రంలో ఉన్న పడవలకు కబురందించే ఉపగ్రహం. ఇప్పుడు పైనున్న ముసలిదానికి ఒక కన్ను ఇప్పటికే పోయింది. ఇప్పుడు ఆపితే మళ్ళీ అవకాశం జనవరిలో, అంటే అక్టోబరు, నవంబరు తుఫానుల్ని ఒంటికన్నుతో ఎదుర్కోవాలి. ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో. పడవలవాళ్ళ కోసం, అనుకుంది నిన్న స్టేషన్‌లో. పడవలవాళ్ళ కోసం, అనుకుంది రాత్రి మంచం మీద. రింగు బాగానే ఉండొచ్చు, ఎక్కువ అవకాశం బాగానే ఉండటానికే. విచారణ వేస్తే మొదటి ప్రశ్న ఈ కాగితం మీద సంతకం ఎవరిది అని. జాబితా వచ్చే నెల.

"టైమెంత?"

"పదకొండు పదిహేడు. పైన దీపాలిచ్చే గంగవ్వకు కబురు వొయ్యింటది, జనరేటర్ చాలూ జేస్తరు."

"జనరేటర్ల డీజిల్ ఉంటెగద," అన్నాడు సీతారాం మామ. "రేపటి నుంచి బాయే లేదాయె, డీజిల్ ఎవడు వోస్తడు."

రేపటి నుంచి గని లేదు. నిలువు బావిని మట్టితో నింపేస్తారు, నెల తిరక్కుండా పెద్ద యంత్రాలు వచ్చి పైనుంచే నేలను ఒలుచుకుంటూ పోతాయి, ఇక లోపలికి మనిషి దిగే పని ఉండదు. అందుకే ఈ వారం పాత కార్మికుల్ని, ఇంటివాళ్ళను పిలిచి ఒక్కసారి కిందికి తీసుకుపోయి చూపిస్తున్నారు, ఈ పూట చివరి జట్టు వీళ్ళదే. నెల రోజులుగా నాన్న ఫోనులో అడిగింది ఇదొక్కటే, ఒక్కపాలి నువ్వు గూడ రావాలె బిడ్డా, నేను ముప్పై ఏండ్లు యాడికి వొయ్యిన్నో నీకు చూపియ్యాలె. దిగే ముందు బత్తీఘర్‌లో, దీపాలు ఇచ్చే ఆ గదిలో, గంగవ్వ కిటికీలోంచి చెయ్యి చాపి, అగ్గిపెట్టె, బీడీ, ఫోను ఏది ఉన్నా ఇక్కడ పెట్టుండ్రి అంది. లోపల గాలిలో నిప్పు అంటుకునే వాయువు ఉంటుంది, ఫోను తీసుకుపోకూడదు, నియమం. పదకొండు కావస్తోంది అప్పటికి. ఫోను చేసి దిగొచ్చు, లేదా దిగి వచ్చి చేయొచ్చు, అరగంటే కదా. ఫోను గంగవ్వ చేతిలో పెడుతున్నప్పుడు ఎంత హాయిగా అనిపించింది. ఇప్పుడు తెలుస్తోంది ఆ హాయి ఎట్లాంటిదో. కరెంటు పోవడం ఆమె చేయలేదు. కానీ ఎవరూ ఏమీ అడగలేని చోటుకు తన కాళ్ళతో తానే నడిచొచ్చింది. కేజ్ ఆగినప్పుడు గుండెలో మొదట కదిలింది భయం కాదు. భయం తర్వాత వచ్చింది. మొదటిదాని పేరు చెప్పుకోడానికి సిగ్గేసింది.

గోడ మీంచి నీళ్ళు జారుతున్నాయి, బయట నలభై ఆరు డిగ్రీల మే నెల ఎండ, ఇక్కడ తడి చలి. చెయ్యి మెడలోకి పోయింది. దారానికి ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది, గంగవ్వ ఇచ్చింది. దిగేవాళ్ళందరికీ ఒక్కో బిళ్ళ, ఎక్కినాక తిరిగి ఇవ్వాలి, అది పలక మీది కొక్కేనికి తగిలిస్తారు. షిఫ్టు ముగిశాక ఏ కొక్కెం బోసిగా ఉంటే ఆ మనిషి ఇంకా కింద ఉన్నట్టు. చిన్నప్పుడు ఈ బిళ్ళతోనే లెక్కలు నేర్చుకుంది. గంటల భాష కూడా అప్పుడే. తాడు మూడుసార్లు లాగితే బోనులో మనుషులున్నారని ఇంజను నడిపేవాడికి కబురు, నెమ్మదిగా నడపాలి. ఆ తర్వాత రెండయితే కిందికి, ఒకటయితే పైకి. మొదటి షిఫ్టుకు పోతూ నాన్న ఆమె మంచం కోడు మీద మూడు తట్టి పోయేవాడు. మనుషులున్నారు. ఆమె నిద్రలో నవ్వేది. తర్వాత సీతారాం మామ లాల్‌పేట్ చౌరస్తాలో పెట్టిన రేడియో రిపేరు డబ్బాలో, సీసం కరిగే వాసన మధ్య, గాలిలోంచి మాటలు ఎట్లా వస్తాయో నేర్చుకుంది. మామకు కాలు పోయాకే ఆ డబ్బా. కాలు పోకపోతే డబ్బా లేదు, డబ్బా లేకపోతే ఈ ఉద్యోగం లేదేమో, ఈ రింగు కూడా. మనసు ఎక్కడెక్కడికో పోతోంది. ఎటు పోయినా చువ్వలు తగులుతున్నాయి.

కాలు పోయిన కథ ఇంట్లో వెయ్యిసార్లు విన్నదే. అది మహాకాళి జాతర నెల. సిర్పూర్ నుంచి చుట్టాలు దిగారు, వాళ్ళను జాతరకు తీసుకుపోవాలి, నాగా పెడితే మస్టర్ బాబు ఒప్పుకోడు. ఆ రోజుల్లో ఇక్కడ ఒకరి బిళ్ళ మీద ఒకరు దిగడం మామూలే, తమ్ముడు అన్న బిళ్ళ మీద, బామ్మర్ది బావ బిళ్ళ మీద. చీకట్లో అందరి ముఖమూ నలుపే, లెక్కకు కావలసింది బిళ్ళ. పనికోసం ఊరి నుంచి కొత్తగా వచ్చిన సీతారాం, రాజలింగు బిళ్ళ మెడలో వేసుకుని దిగాడు. మధ్యాహ్నం పైకప్పు కూలింది. అందరూ ఎక్కాక చూస్తే రాజలింగు కొక్కెం బోసిగా ఉంది. వెతకడానికి మనుషులు సిద్ధమవుతుంటే హాజరీ రాసే ఆ మస్టర్ బాబు బాపురావు అప్పుడే జాతర నుంచి వచ్చి, రాజలింగు లోపల ఎక్కడివాడయ్యా, నా కళ్ళముందే జాతర్ల జిలేబీ తింటుండు, బిళ్ళ యాడ్నో పారేసుకున్నడు అన్నాడు. సరే అని ఒక మారు బిళ్ళ తీసి ఆ కొక్కేనికి తగిలించారు. పలక నిండింది. లెక్క సరిపోయింది. వెతికేవాళ్ళను వెనక్కి పిలిచారు. అప్పుడు నాన్న ఉరికి వచ్చాడు. ఉరికి వచ్చి, నా బిళ్ళ మీద నా బామ్మర్ది ఉన్నడు అని చెప్పాడు, ఉద్యోగం పోతుందని తెలిసీ చెప్పాడు, ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. నిజాయితీ అంటే మీ అయ్యది అనేది అమ్మ. ఆ ఒక్క కథ మీదే ఆమె పెరిగింది. పరీక్షల్లో చూసి రాయలేదు, లెక్కల్లో అబద్ధం రాయలేదు, ప్రతి కాగితం చదివే సంతకం పెట్టింది, ఆ మార్చి మధ్యాహ్నం దాకా.

"టైము?"

"పదకొండు ముప్పై ఒకటి. ఏంది బిడ్డా, రైలుందా?"

"రైలు గాదు. పన్నెండింటికి ఒక మాట చెప్పాలె. చెప్పకుంటే ఒప్పుకున్నట్టు." అంతటితో ఆపుదామనుకుంది. చీకట్లో మాటలు వాటంతట అవే జారాయి. నంబరు ఒకటి, రింగు వేరొకటి, సంతకం తనది. చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో. బాలకిషన్‌కు ఎంత అర్థమైందో తెలియదు. సీతారాం మామ దీపం మాత్రం ఆమె ముఖం మీద నుంచి పక్కకు తిరిగి నాన్న వీపు మీద ఆగింది.

"అంటే ఒకని బిళ్ళ మీద ఇంకొకడు దిగిండన్నట్టు," అన్నాడు మామ.

"అంతే, మామా."

"పైన పలక నిండింది."

"నిండింది."

మామ మెల్లగా, వాతావరణం గురించి మాట్లాడినట్టు, "మీ అయ్య గంటసేపు నిలవడ్డడు బిడ్డా. బత్తీఘర్ ముంగట. నాకు దవాఖానల ఎరికైంది. మీ అమ్మకు చెప్పలే," అన్నాడు.

భూదేవికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. గంట. నాన్న ఉరికి వచ్చాడు, అది నిజం. వచ్చి నిలబడ్డాడు. పలక మీద తన పేరు కింద మెరుస్తున్న మారు బిళ్ళను చూస్తూ నిలబడ్డాడు. ఆమె కళ్ళముందు ఆ గది కదిలింది, కిటికీ, దీపాల వరసలు, గోడ గడియారం, ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి చేతిలో జాతర జిలేబీ పొట్లం. లోపల తిరుగుతున్న లెక్కలు కూడా ఆమెకు వినిపించాయి, ఎందుకంటే అవి తన లెక్కలే: వాడు వేరే దారిన ఎక్కిండేమో, చప్పున ఎవరన్న చూస్తరేమో, చెప్తే కొలువు వోతది, ఇంట్ల ఆరుగురు, వాడు బాగనే ఉండొచ్చు, బాగనే ఉండొచ్చు. ఇంట్లో కథ అబద్ధం కాదు. నడుమ నుంచి ఒక గంట తీసేసి రెండు కొసలు ముడేశారు, అంతే. కోపం రావాలి. రాలేదు. మొదటిసారి ఆ మనిషి పక్కన నిలబడినట్టనిపించింది, ఎదురుగా కాదు.

నాన్న చువ్వలు వదల్లేదు, వెనక్కి తిరగలేదు. "గంట గాదు సీతారాం," అన్నాడు గోడతో. "గంటా ఇరవై నిమిషాలు. గడియారం సూస్కుంటనే ఉన్న."

"తెల్సులే బావా. నేను లోపల లెక్కవెట్టుకుంటనే ఉన్న." మామ నవ్వాడు, ఎప్పటి నవ్వే. "ఎవడన్న వస్తుండా అని చెవి పెడ్తే, సప్పుళ్ళు వినవడ్డయి. అగో వస్తుండ్రు అనుకున్న. తర్వాత సప్పుళ్ళు వెనక్కి వొయ్యినయి. అదే ఎక్కువ నొప్పి అయింది, రాయి కంటె."

చప్పుళ్ళు వెనక్కి పోయాయి. పలక నిండినందుకు వెతికేవాళ్ళు తిరిగిపోతుంటే, కింద ఒకడు రాతి కింద చెవి పెట్టి వింటున్నాడు. పడవలవాళ్ళు, పడవలవాళ్ళు అని నిన్నటి నుంచి తాను జపించిన మాట ఇప్పుడు నోట్లో పులిసిపోయింది. విచ్చుకోని రింగుతో పైకి పోయిన ఉపగ్రహం ఏ పడవకు కబురు చెబుతుంది? జనవరి దాకా ఒంటికన్ను ఉంటుంది, ఆ ఒంటికన్నుకు తోడు ఓడల్ని, తీరం రాడార్లను సర్దవచ్చు, అది కష్టం కానీ దారి ఉంది. రింగు పట్టేస్తే కొన్నేళ్ళు గుడ్డిగా ఉండాలి, అదీ మన లెక్కలో ఉపగ్రహం ఉందని రాసుకుని. పలక నిండుగా. ఇదంతా నిన్న రైల్లోనే తెలుసు. తెలియనిది ఒక్కటే, తాను గోడ గడియారం ముందు నిలబడి ఉన్నానని.

తాళ్ళు వణికాయి. పైన ఎక్కడో ఇంజను గురకపెట్టింది. "లైట్ ఆలీ" అని గొంతు దిగొచ్చింది.

"పదకొండు నలభై ఆరు," అన్నాడు బాలకిషన్, ఈసారి అడగకుండానే. చెయ్యి తాడు మీద వేశాడు. "పోదాం రాజలింగన్నా, నీ బాయి అడుగు నీకు చూపిస్త. ఐదు నిమిషాల్ల అడుగుకు వోతం, చూసి మళ్ళ ఎక్కేసరికి పన్నెండుంబావు."

పన్నెండుంబావు. నాన్న ముప్పై ఏళ్ళు నడిచిన సొరంగం కింద ఉంది, రేపు దాని మీద మట్టి పడుతుంది. నెల రోజులు ఫోనులో అడిగింది ఇదే. భూదేవి నోరు తెరిచింది. నాన్నా, అంది, ఆ తర్వాతి మాట అనలేకపోయింది, అయినా అనాలి, ఒక్కో క్షణమూ పోతోంది, "నాన్నా, నేను పైకి పోవాలె," అంది.

రాజలింగు తల వంచి చువ్వల మధ్య నుంచి కిందికి చూశాడు. దీపం వెలుగు కొంచెం దూరం దిగి చీకట్లో కలిసిపోయింది. ఆయన ఎంతసేపు చూశాడో. తర్వాత బాలకిషన్ చేతిని పక్కకు జరిపి, తాడు తానే పట్టుకున్నాడు. మూడుసార్లు లాగాడు, ఆగి ఆగి, మంచం కోడు మీద తట్టినట్టు. ఆపైన ఒక్కసారి.

కేజ్ పైకి కదిలింది. మనుషులున్నారు కాబట్టి నెమ్మదిగా. ఆ నెమ్మది ఆమె నరాలను పీకింది. ఆకాశం పళ్ళెమంతదల్లా చాటంత, తర్వాత వాకిలంత అయింది. వెలుగు కళ్ళలో పొడిచింది. గేటు తీస్తుండగానే వంగి బయటికి దూరింది, బొగ్గు మసి చీరకు పూసుకుని, పరిగెత్తింది, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎండలో, బత్తీఘర్ దాకా. గోడ గడియారంలో పన్నెండుకు ఆరు తక్కువ.

"బిళ్ళ," అంది కిటికీలోంచి గంగవ్వ, తీరుబడిగా. "బిళ్ళ ఇయ్యందే ఫోను రాదు."

దారం ముడి విడలేదు. తల మీంచి లాగేసి ఇచ్చింది. ఫోను తెరుచుకోడానికి ఒక నిమిషం తిన్నది. సంఘం అధ్యక్షుడి నంబరు మోగింది, మోగింది, వెనక నుంచి సీతారాం మామ కట్టె కాలి చప్పుడు, దాని పక్కన నాన్న చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తున్నాయి.

"రింగు గురించి ఫోను చేశాను సార్," అంది భూదేవి. "మనం పరీక్ష చేసింది దాన్ని కాదు. దాని నంబరు ఉన్న ఇంకొకదాన్ని. ముక్కు మూయించకండి. ఇది నా అభ్యంతరం, రాసుకోండి. టైము కూడా రాయండి."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. "దీని మీద సంతకం ఎవరిదో చూశారా మేడమ్?" అన్నాడాయన.

"నాదే," అంది.

"ఆగండి, లైన్లో ఉండండి. అందరినీ పిలుస్తాను," అన్నాడు. ఆమె లైన్లో ఉంది. పక్కన రాజలింగు వచ్చి నిలబడ్డాడు, ఆ జాతర రోజు ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడే కాబోలు. ఆయన గడియారం వైపు చూడలేదు. మెడలోంచి తన బిళ్ళ తీసి, గంగవ్వ చాపిన చేతిలో పెట్టకుండా, కిటికీలోంచి లోపలికి వంగి, పలక మీది తన పాత కొక్కేనికి తన చేత్తో తానే తగిలించాడు.